పసిపిల్లల ప్రాణాలు నిలిపిన డాక్టర్: ఎమిల్ ఫాన్ బేరింగ్



మీ పిల్లల టీకా కార్డులో డీపీటీ అనే మూడక్షరాలు మీరు చాలాసార్లు చూసే ఉంటారు. డీ అంటే డిఫ్తీరియా, మన పెద్దలు కంఠసర్పి అనేవారు. పీ అంటే పెర్టుసిస్, అంటే కోరింత దగ్గు. టీ అంటే టెటనస్, మన ధనుర్వాతం. ఈ మూడింటిలో డిఫ్తీరియాకూ ధనుర్వాతానికీ విరుగుడు ఉందని ప్రపంచానికి చూపించిన పరిశోధనలో ఒక పల్లెటూరి బడిపంతులు కొడుకుది పెద్ద పాత్ర. వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్న ఆ మనిషి పేరు ఎమిల్ ఫాన్ బేరింగ్. ఈ నెల ఆయన జీవితం గురించి తెలుసుకుందాం. ఆ కథ తెలిస్తే, పిల్లలకు పదేళ్ల వయసులో మళ్లీ టీకా ఎందుకు వేయాలో కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

బడిపంతులు ఇంట్లో పదమూడు మంది

బేరింగ్ 1854 మార్చి 15న అప్పటి ప్రష్యా రాజ్యంలోని హాన్స్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి ఊరి బడిలో టీచర్. రెండు పెళ్లిళ్ల వల్ల ఆయనకు మొత్తం పదమూడు మంది పిల్లలు. రెండో భార్య పిల్లల్లో ఎమిల్ పెద్దవాడు. ఒక టీచర్ జీతంతో అంత మందిని పెంచడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. కుర్రవాడు చదువులో చురుకు. కానీ యూనివర్సిటీ ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేదు. కొడుకును చర్చి పాస్టర్ చదువులో పెట్టాలని తండ్రి అనుకున్నాడు. అబ్బాయి మనసు మాత్రం డాక్టరీ మీద ఉంది.

అప్పుడు తెలిసిన ఒక మిలటరీ డాక్టరు దారి చూపించాడు. బెర్లిన్‌లో సైన్యం నడిపే మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ చదువు ఉచితం. కాకపోతే చదువయ్యాక కొన్నేళ్లు సైన్యంలో డాక్టరుగా పనిచేసి తీరాలి. 1874లో బేరింగ్ అందులో చేరాడు. 1878లో డాక్టర్ పట్టా వచ్చింది, 1880లో ప్రభుత్వ పరీక్ష పాసయ్యాడు. ఆ తర్వాత ఒప్పందం ప్రకారం సైనిక డాక్టరుగా చిన్న పట్టణాల్లో ఉద్యోగం. పెద్ద ప్రయోగశాల లేదు, ప్రొఫెసర్ల సాయం లేదు. అయినా చదవడం, ఆలోచించడం మానలేదు.

పోజెన్ అనే పట్టణంలో ఉన్నప్పుడు ఆయన దృష్టి అయొడోఫాం అనే మందు మీద పడింది. ఆ రోజుల్లో గాయాలకు ఆ పసుపు రంగు పొడి ఎక్కువగా వాడేవాళ్లు. గాయం మానడానికి అది పనికొస్తోంది. అయితే పరీక్షించి చూస్తే, అది సూక్ష్మజీవులను పెద్దగా చంపడం లేదు. మరి ఎలా పనిచేస్తున్నట్టు? సూక్ష్మజీవులు వదిలే విషాన్ని ఈ మందు విరుస్తోందేమో అన్న ఆలోచన బేరింగ్‌కు వచ్చింది. క్రిమిని చంపడం ఒక పని, క్రిమి వదిలిన విషాన్ని విరవడం వేరే పని. ఈ రెండింటి మధ్య తేడా ఆయన మనసులో నాటుకుపోయింది. తర్వాత ఆయన సాధించినదంతా ఆ చిన్న తేడాలోంచి వచ్చిందే.

గొంతులో క్రిమి, గుండెలో దెబ్బ

ఆ కాలంలో యూరప్ తల్లిదండ్రులకు డిఫ్తీరియా పేరు వింటేనే వణుకు. జ్వరం, గొంతునొప్పితో మొదలయ్యేది. రెండు మూడు రోజుల్లో పిల్లవాడి గొంతులో బూడిద రంగు పొర ఒకటి తోలులా కమ్ముకునేది. అది శ్వాసనాళం వరకు పాకితే ఊపిరాడేది కాదు. డాక్టర్లు మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టి గాలి అందించడానికి ప్రయత్నించేవాళ్లు. కొందరు పిల్లలు ఆ గండం దాటేవాళ్లు. అమ్మయ్య అనుకునేలోపు, ఒకటి రెండు వారాల తర్వాత, ఉన్నట్టుండి గుండె ఆగిపోయి చనిపోయేవాళ్లు. ఇంకొందరికి మింగుడు పడక, కాళ్లూ చేతులూ చచ్చుబడేవి. ఒక ఇంట్లో ఒకరికి వస్తే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు అంటుకునేది.

1884లో ఫ్రెడ్రిక్ లెఫ్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ రోగానికి కారణమైన బ్యాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు. అప్పుడే ఆయనకు ఒక వింత కనబడింది. చనిపోయిన పిల్లల శరీరాలు పరీక్షిస్తే బ్యాక్టీరియా గొంతులోని పొరలోనే ఉంది. గుండెలో లేదు, నరాల్లో లేదు. కానీ దెబ్బ మాత్రం అక్కడా కనిపిస్తోంది. గొంతులో కూర్చున్న క్రిమి అంత దూరంలో ఉన్న గుండెను ఎలా పాడుచేస్తోంది? అది ఏదో విషాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతూ ఉండాలని లెఫ్లర్ ఊహించాడు.

ఆ ఊహను 1888లో పారిస్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ నిరూపించారు. వాళ్లు డిఫ్తీరియా బ్యాక్టీరియాను ద్రవంలో పెంచి, ఆ ద్రవాన్ని పింగాణీ ఫిల్టరు గుండా వడగట్టారు. ఆ ఫిల్టరు రంధ్రాల్లోంచి బ్యాక్టీరియా దాటలేదు. కిందికి దిగిన ద్రవంలో ఒక్క క్రిమి కూడా లేదు. అయినా ఆ ద్రవాన్ని జంతువులకు ఎక్కిస్తే అవి డిఫ్తీరియా వచ్చినట్టే జబ్బుపడి చనిపోయాయి. అంటే క్రిమి లేకపోయినా, అది వదిలిన విషం ఒక్కటే చాలు. బ్యాక్టీరియా తయారుచేసే ఇలాంటి విషాన్నే టాక్సిన్ అంటారు.

ఆ విషం ఎలా పనిచేస్తుందో మనకు ఇప్పుడు వివరంగా తెలుసు. డిఫ్తీరియా టాక్సిన్ ఒక ప్రొటీన్. దానిలో రెండు భాగాలు ఉంటాయి. ఒక భాగం మన శరీర కణం తలుపు పట్టుకుంటుంది. రెండో భాగం లోపలికి దూరుతుంది. మన కణాలు బతకాలంటే లోపల ఎప్పటికప్పుడు కొత్త ప్రొటీన్లు తయారవుతూ ఉండాలి. లోపలికి దూరిన భాగం ఆ తయారీకి అవసరమైన ఒక పనిముట్టును పాడుచేస్తుంది. తయారీ ఆగిపోతుంది, కణం చనిపోతుంది. కణం లోపలికి చేరిన ఒక్క అణువు కూడా ఆ కణాన్ని చంపడానికి సరిపోతుంది. గొంతులో చచ్చిన కణాలే ఆ బూడిద రంగు పొరగా మారతాయి. రక్తంలో కలిసిన విషం గుండె కండరాన్నీ నరాలనూ దెబ్బతీస్తుంది.

బెర్లిన్‌లో ఇద్దరు మిత్రులు

1889లో బేరింగ్ బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో చేరాడు. క్షయ, కలరా క్రిములను గుర్తించిన కాక్ పేరు అప్పటికే ప్రపంచమంతా మారుమోగుతోంది. అక్కడే జపాన్ నుంచి వచ్చిన షిబసబురో కిటసాటో అనే యువ డాక్టరు పనిచేస్తున్నాడు. అదే ఏడాది కిటసాటో అప్పటివరకు ఎవరికీ చేతకాని పని చేశాడు. ధనుర్వాతం బ్యాక్టీరియాను వేరే క్రిములు కలవకుండా విడిగా పెంచాడు. అది గాలి తగిలితే పెరగదు. అందుకని గాలి తగలకుండా పెంచే ఏర్పాటు చేశాడు.

ధనుర్వాతం సంగతి మన పల్లెల్లో పెద్దవాళ్లకు బాగా తెలుసు. మట్టిలో, పేడలో ఈ క్రిమి గింజలాంటి రూపంలో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటుంది. ముల్లో, మేకో లోతుగా గుచ్చుకుని, గాలి తగలని గాయంలోకి చేరితే మేల్కొంటుంది. ఇక్కడ కూడా క్రిమి గాయం దాటి ఎక్కడికీ పోదు. అది వదిలిన విషం నరాల వెంట ప్రయాణం చేసి వెన్నుపాముకు చేరుతుంది. మన కండరాలు బిగియడానికి ఒక సంకేతం, వదులవడానికి ఒక సంకేతం ఉంటాయి. ఈ విషం వదులయ్యే సంకేతాన్ని ఆపేస్తుంది. ఇక బిగిసిన కండరం బిగిసినట్టే ఉంటుంది. ముందు దవడ పట్టేస్తుంది, తర్వాత వీపు విల్లులా వంగిపోతుంది. ధనుస్సులా వంచేస్తుంది కాబట్టే మనవాళ్లు ధనుర్వాతం అన్నారు.

బేరింగ్ డిఫ్తీరియా మీద, కిటసాటో ధనుర్వాతం మీద పనిచేస్తూ ఇద్దరూ ఒకే ప్రశ్న వేసుకున్నారు. ఈ విషాన్ని జంతువు తట్టుకునేంత తక్కువగా, బలం తగ్గించి ఎక్కిస్తే ఏమవుతుంది? చాలా జంతువులు చనిపోయాయి. కొన్ని బతికాయి. బతికిన వాటికి తర్వాత మామూలుగా చంపేంత విషం ఇచ్చినా ఏమీ కాలేదు. అసలు విశేషం ఆ తర్వాత బయటపడింది. అలా బతికిన జంతువు రక్తంలోంచి సీరం, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలే పసుపు రంగు నీరు, తీసి వేరే జంతువుకు ఎక్కించారు. ఆ రెండో జంతువుకు కూడా రక్షణ వచ్చింది! మామూలు జంతువు సీరంతో అలా జరగలేదు. అంటే విషాన్ని తట్టుకున్న జంతువు రక్తంలో దాన్ని విరిచే పదార్థం ఏదో పుట్టింది. దాన్ని వాళ్లు యాంటీటాక్సిన్ అన్నారు. మనం ఈ రోజు యాంటీబాడీలు అంటున్నది వీటినే.

1890 డిసెంబర్ 4న ఇద్దరి పేర్లతో జర్మన్ వైద్య వారపత్రికలో ఆ వ్యాసం వచ్చింది. అందులో వివరాలన్నీ దాదాపు ధనుర్వాతం గురించే. వారం తర్వాత డిఫ్తీరియా మీద బేరింగ్ ఒక్కడే రాసిన వ్యాసం వచ్చింది. ఆ రెండు వ్యాసాలతో వైద్యంలో కొత్త దారి తెరుచుకుంది.

ప్రయోగశాల నుంచి ఆసుపత్రి వరకు

కనిపెట్టడం ఒక ఎత్తు, అది ఊరూరా పిల్లలకు అందడం ఇంకో ఎత్తు. గినీ పందుల రక్తంతో ఎంతమంది పిల్లలకు మందు తయారవుతుంది? బేరింగ్, ఆయన మిత్రుడు ఎరిక్ వెర్నికె పెద్ద జంతువుల వైపు మళ్లారు. ముందు గొర్రెలు, తర్వాత గుర్రాలు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక సీసాలో సీరం బలంగా, ఇంకో సీసాలో బలహీనంగా ఉంటే డాక్టరు ఎంత మోతాదు ఇవ్వాలి? పాల్ ఎర్లిష్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కు విప్పాడు. సీరం బలాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి, దాన్ని పెంచే పద్ధతి ఆయన తయారుచేశాడు. హోక్స్ట్ అనే రంగుల కంపెనీ పెట్టుబడి పెట్టింది. 1894లో సీరం మార్కెట్లోకి వచ్చింది.

అదే ఏడాది పారిస్‌లో ఎమిల్ రూ గుర్రాల సీరంతో పిల్లల ఆసుపత్రిలో వందలమంది డిఫ్తీరియా పిల్లలకు వైద్యం చేశాడు. అంతకుముందు ఆ ఆసుపత్రికి ఈ రోగంతో వచ్చిన పిల్లల్లో దాదాపు సగం మంది చనిపోయేవాళ్లు. సీరం ఇచ్చాక ఆ సంఖ్య నాలుగో వంతుకు దగ్గరగా పడిపోయింది. బుడాపెస్ట్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో ఆయన ఈ ఫలితాలు చెప్పాక దేశదేశాల్లో సీరం తయారీ మొదలైంది. ఆ రోజుల్లో జర్మనీకీ ఫ్రాన్స్‌కూ మధ్య యుద్ధం మిగిల్చిన పగ ఇంకా రగులుతోంది. అయినా పిల్లల రోగం విషయంలో ఒక జర్మన్ ప్రారంభించిన పనిని ఒక ఫ్రెంచ్ డాక్టర్ ముందుకు తీసుకెళ్లాడు.

ఇంకో సంగతి డాక్టర్లు త్వరగానే గ్రహించారు. రోగం మొదలైన ఒకటి రెండు రోజుల్లో సీరం ఇస్తే పిల్లలు బతుకుతున్నారు, ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గిపోతోంది. ఎందుకంటే సీరం రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు. ఒకసారి విషం కణం లోపలికి దూరాక దాన్ని బయటికి లాగే మందు లేదు. ఇది ఇప్పటికీ మారలేదు.

ఈ సీరం పద్ధతికి మన నేలతో కూడా ఒక సంబంధం ఉంది. కొద్ది సంవత్సరాలకే ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచ్ డాక్టర్ ఇదే పద్ధతిలో పాము విషానికి విరుగుడు తయారుచేశాడు. ఈ రోజు మన ఊళ్లలో రైతుకు పాము కరిస్తే ఆసుపత్రిలో ఎక్కించే మందు గుర్రాల రక్తం నుంచి వచ్చేదే. దాని వెనుక ఉన్న ఆలోచన బేరింగ్, కిటసాటోలదే.

కీర్తి, గొడవలు, బాధ

బేరింగ్ 1894లో హాలె యూనివర్సిటీలో, 1895లో మార్బుర్గ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. 1896లో ఎల్జె స్పినోలాతో పెళ్లయింది. ఆరుగురు కొడుకులు పుట్టారు. 1901లో నోబెల్ బహుమతులు మొదలైనప్పుడు వైద్యశాస్త్రంలో తొలి బహుమతి బేరింగ్‌కు వచ్చింది. ఎక్స్-రే కనిపెట్టిన రాంట్‌జెన్ భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ అందుకున్నది కూడా ఆ ఏడాదే. అదే సంవత్సరం బేరింగ్‌కు ప్రభువంశ హోదా ఇచ్చారు. పేరు మధ్యలో ఫాన్ చేరింది అప్పుడే. ఫీజు కట్టలేక సైన్యం చదువు చదివిన బడిపంతులు కొడుకు అంత ఎత్తుకు చేరాడు.

అయితే ఈ కథలో మనం పిల్లలకు దాచకుండా చెప్పాల్సిన విషయాలు కూడా ఉన్నాయి. తొలి వ్యాసంలో పేరు పంచుకున్న కిటసాటోకు ఆ బహుమతిలో భాగం రాలేదు. ఎర్లిష్‌తో డబ్బు విషయంలో, పేరు విషయంలో బేరింగ్‌కు మనస్పర్థలు వచ్చి స్నేహం చెడింది. ఎర్లిష్‌కు 1908లో నోబెల్ వచ్చింది. బేరింగ్ మాట కటువు, పట్టుదల ఎక్కువ. పనిలో ఆయనకు బలమైన ఆ పట్టుదలే మనుషుల దగ్గర భారమైంది.

1901లోనే అమెరికాలో ఒక ఘోరం జరిగింది. సెయింట్ లూయిస్ నగరంలో జిమ్ అనే గుర్రం రక్తంతో డిఫ్తీరియా సీరం తయారుచేసేవాళ్లు. ఆ గుర్రానికి ధనుర్వాతం సోకింది. దాని రక్తంతో తయారైన సీరం పొరపాటున పిల్లలకు చేరింది. డిఫ్తీరియా నుంచి కాపాడాల్సిన మందే పదమూడు మంది పిల్లలను ధనుర్వాతంతో బలితీసుకుంది. ఆ దుర్ఘటన తర్వాత 1902లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి మందుల తయారీని తనిఖీ చేసే చట్టం తెచ్చింది. ఈ రోజు ప్రతి టీకా బ్యాచ్‌నూ బయటికి పంపే ముందు పరీక్షించడం వెనుక ఇలాంటి చేదు అనుభవాలు ఉన్నాయి.

నోబెల్ తర్వాత బేరింగ్ క్షయ మీద పడ్డాడు. దానికి కూడా మందు కనిపెడతానని ప్రకటించాడు. పశువులకు వేసే టీకా ఒకటి తయారుచేశాడు కానీ అది నిలబడలేదు. క్షయ రోగం ఒక్క టాక్సిన్ వల్ల వచ్చేది కాదు. అందుకే డిఫ్తీరియాలో తెరుచుకున్న తాళంచెవి క్షయ తలుపుకు పట్టలేదు. ఆ నిరాశ, అలసట ఆయనను కుంగదీశాయి. 1907 నుంచి 1910 వరకు మ్యూనిక్‌లో ఒక శానిటోరియంలో డిప్రెషన్‌కు చికిత్స పొందాడు. ప్రపంచం మెచ్చిన మనిషికి కూడా మనసు బాగాలేని రోజులు వస్తాయి. చికిత్స తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడన్నది ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన భాగం.

రోగం వచ్చాక కాదు, రాకముందే

తిరిగి వచ్చాక బేరింగ్ తన పాత ప్రశ్నకే ఇంకో మెట్టు ఎక్కాడు. సీరం ఇస్తే గుర్రం తయారుచేసిన యాంటీబాడీలు మన ఒంట్లోకి వస్తాయి. అవి అరువు తెచ్చుకున్నవి. కొన్ని వారాల్లో అయిపోతాయి. బిడ్డ శరీరమే తన యాంటీబాడీలు తయారుచేసుకుంటే ఏళ్ల తరబడి రక్షణ ఉంటుంది. అలా జరగాలంటే శరీరానికి విషాన్ని పరిచయం చేయాలి, కానీ హాని జరగకూడదు. 1913లో ఆయన టాక్సిన్‌ను, దాని విరుగుడును తగిన పాళ్లలో కలిపి ఒక టీకా తయారుచేశాడు. డిఫ్తీరియా రాకముందే పిల్లలను కాపాడే టీకాల దారిలో అది ముఖ్యమైన అడుగు.

మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కందకాల మట్టిలో, పేడలో పడి ఉన్న గాయపడిన సైనికులకు ధనుర్వాతం విపరీతంగా సోకింది. మొదట్లో సీరం నిల్వలు చాలలేదు. తర్వాత గాయపడిన ప్రతివాడికీ సీరం ఇవ్వడం మొదలయ్యాక ఆ రోగం బాగా తగ్గిపోయింది. మార్బుర్గ్‌లో 1904లో బేరింగ్ పెట్టిన సంస్థ జర్మన్ సైన్యానికి ఆ సీరం తయారుచేసింది. యుద్ధం ముగియకముందే, 1917 మార్చి 31న, బేరింగ్ మార్బుర్గ్‌లో న్యుమోనియాతో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 63.

ఆయన చూడలేకపోయిన చివరి మెట్టును 1920లలో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామన్, ఇంగ్లండ్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీ ఎక్కారు. టాక్సిన్‌ను ఫార్మాలిన్‌తో శుద్ధి చేస్తే దాని విషగుణం పోతుంది, రూపం మాత్రం మిగులుతుంది. కోరలు తీసిన పాములా అన్నమాట. దాన్ని టాక్సాయిడ్ అంటారు. శరీరం దాన్ని చూసి అసలు విషాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఇప్పుడు మన పిల్లలకు వేసే డిఫ్తీరియా, టెటనస్ టీకాల్లో ఉండేది ఈ టాక్సాయిడే. దానిలో బ్యాక్టీరియా ఉండదు కాబట్టి టీకా వల్ల ఆ రోగం వచ్చే అవకాశం లేదు. చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం మాత్రం రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి.

టాక్సిన్ల కథ యూరప్‌తో ఆగలేదు. కలరా క్రిమి కూడా ఒక విషం ద్వారానే మనిషిని నీరు కార్చి చంపుతుందని 1959లో నిరూపించింది మన దేశ శాస్త్రవేత్తే. కలకత్తాకు చెందిన శంభునాథ్ డే క్రిములు లేకుండా వడగట్టిన ద్రవంతోనే కుందేలు పేగులోకి నీరు ఊరేలా చేసి చూపించాడు. రూ, యెర్సిన్ పారిస్‌లో డిఫ్తీరియాకు చేసిన లాంటి పరీక్షే, కలరాకు ఆయన కలకత్తాలో చేశాడు. సైన్స్ చదివే పిల్లలకు ఈ పేరు తప్పకుండా చెప్పండి.

మన ఇంటికి సంబంధించిన మాట

డిఫ్తీరియా పాత కథ అనుకోవడానికి లేదు. మన దేశంలో ఇప్పటికీ కేసులు వస్తున్నాయి. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి డాక్టర్లకు ఇది తెలిసిన రోగమే. ఈ మధ్య కాలంలో పసిపిల్లల కంటే బడి వయసు పిల్లలకు, టీనేజ్ పిల్లలకు ఎక్కువగా వస్తోంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఏడాది లోపు టీకాలు మనం శ్రద్ధగా వేయిస్తాం. బిడ్డ బడిలో చేరాక కార్డు బీరువాలోకి పోతుంది. టీకా ఇచ్చిన రక్షణ ఏళ్లు గడిచే కొద్దీ తగ్గుతూ వస్తుంది. మధ్యలో బూస్టర్ వేస్తేనే శరీరానికి ఆ పాఠం మళ్లీ గుర్తొస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇది రివిజన్. ఏడాది మొదట్లో చదివింది పరీక్ష నాటికి గుర్తుండాలంటే రివిజన్ చేయిస్తాం కదా, ఇదీ అంతే.

ధనుర్వాతం గురించి ఇంకొక సంగతి. డిఫ్తీరియా మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. కాబట్టి చుట్టూ ఉన్న పిల్లలందరికీ టీకాలు ఉంటే, వేయించని పిల్లవాడికి కూడా కొంత రక్షణ దొరుకుతుంది. ధనుర్వాతం అలా కాదు. అది మట్టి నుంచి వస్తుంది. క్లాసులో మిగతా పిల్లలందరికీ టీకా ఉన్నా, లేని పిల్లవాడికి వాళ్ల వల్ల ఉపయోగం లేదు. ఎవరి టీకా వాళ్లకే. పైగా ఈ రోగం ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రాకుండా రక్షణ రాదు. మనిషిని చంపగలిగే మోతాదు ఎంత తక్కువంటే, ఆ కొద్దిపాటి విషాన్ని శరీరం గుర్తుపెట్టుకోలేదు. రోగం నేర్పలేని ఆ పాఠాన్ని టీకా మాత్రమే నేర్పగలదు.

మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఈ రెండు రోగాలకు ఉన్న డోసులు ఇవి:

పుట్టిన 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకా. డీపీటీ ఇందులోనే కలిసి ఉంటుంది.
16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ మొదటి బూస్టర్.
5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్.
10 ఏళ్లకు టీడీ టీకా.
16 ఏళ్లకు మళ్లీ టీడీ టీకా.

టీడీ అంటే టెటనస్, డిఫ్తీరియా రెండూ కలిసిన టీకా. ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మన పిల్లల్లో చాలామందికి తప్పిపోయేవి కింది మూడే. ఐదో తరగతి, పదో తరగతి పిల్లలకు టీడీ కోసం సమ్మతి పత్రం ఇంటికి వస్తే, చిన్నప్పుడే అన్నీ వేయించాం కదా అని పక్కన పెట్టకండి. అది చిన్నప్పటి టీకాకు కొనసాగింపు. పరీక్షలు దగ్గరపడ్డాయి, జ్వరం వస్తుందేమో అన్న భయం సహజమే. ఒక రోజు చెయ్యి నొప్పితో పోయే దాన్ని, గొంతులో పొర కమ్మే రోగంతో పోల్చి చూసుకోండి. ఏ డోసు తప్పిందో తెలియకపోతే, కార్డు పోయి ఉంటే, దగ్గర్లోని పీహెచ్‌సీలో గానీ మీ పిల్లల డాక్టరును గానీ అడగండి. ఎక్కడ ఆపారో అక్కడి నుంచి ఎలా వేయించాలో వాళ్లు చెబుతారు.

బిడ్డకు గొంతునొప్పి, జ్వరంతో పాటు గొంతులో తెల్లగా లేదా బూడిద రంగులో పొర కనిపించినా, మెడ వాచినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి. విషం కణాల్లోకి దూరకముందే మందు పడాలన్నది బేరింగ్ కాలం నాటి పాఠం. ఈ రోజు యాంటీబయాటిక్స్ క్రిమిని చంపుతాయి కానీ, అప్పటికే రక్తంలో కలిసిన విషాన్ని విరిచేది ఇప్పటికీ ఆ యాంటీటాక్సినే.

ఒకప్పుడు ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలను ఒకే వారంలో తీసుకుపోయిన రోగం పేరు ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులకు కార్డు మీద ఒక అక్షరంగానే తెలుసు. ఇంతకంటే పెద్ద విజయం ఏముంటుంది? ఈ ఆదివారం ఆ కార్డు బీరువాలోంచి తీసి, మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కలిసి కూర్చుని చూడండి. డీ అంటే ఏమిటి, టీ అంటే ఏమిటి, వాటి వెనుక ఉన్న ఆ బడిపంతులు కొడుకు ఎవరో వాళ్లకు చెప్పండి. ఖాళీగా ఉన్న గడి కనిపిస్తే సోమవారమే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.